ఐదు వాట్లతో మిద్దె మీద నుంచి: మూడు బ్యాండ్లను పరీక్షించడం ఎలా?

హామ్ రేడియోలో 100 వాట్ల సెట్టును 5 వాట్లకు దించితే ఎంత నష్టం? ఇరవయ్యో వంతు కదా అని చాలామంది ఆ జోలికే పోరు. లెక్క వేస్తే తగ్గేది 13 డెసిబెల్స్. సిగ్నల్ బలం చూపే మీటరులో ఒక గీత, అంటే ఒక ఎస్ యూనిట్, 6 డెసిబెల్స్ కాబట్టి అవతలివాళ్ల మీటరులో సూది రెండు గీతల పైచిలుకు జారుతుంది, అంతే. మోర్స్‌లో 5 వాట్లు, మాటల్లో 10 వాట్లు దాటకుండా చేసే ఈ పనినే హామ్‌లు, అంటే సరదాకు రేడియో నడిపేవాళ్లు, క్యూఆర్‌పీ అంటారు. అంత కొద్ది పవర్‌తో 40, 20, 10 మీటర్ల బ్యాండ్లు (వరుసగా 7, 14, 28 మెగాహెర్ట్‌జ్) ఏ వేళ ఎంత దూరం పోతాయో మిద్దె మీది తీగతో చూసే ప్రయోగం ఇది.

వాట్లు తక్కువైనా లైసెన్సు తప్పదు. 12 ఏళ్లు నిండినవాళ్లు కేంద్ర టెలికం శాఖ పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు. శిక్షణ కావాలంటే హైదరాబాద్ సోమాజిగూడలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది.

ముందు ఇంట్లో రేడియో రొద పట్టుకోండి

అపార్ట్‌మెంట్లలో హామ్‌ల కొంప ముంచేది ఇదే. మనం పంపింది జపాన్ దాకా పోయినా, వాళ్ల జవాబు మన చెవిన పడకపోతే ఏం లాభం? రిసీవర్‌ను 12 వోల్టుల బ్యాటరీకి తగిలించి, 7 మెగాహెర్ట్‌జ్‌లో ఖాళీ చోట పెట్టండి. రొద ఎంతుందో రాసుకుని ఇంటి మెయిన్ ఆపండి. తర్వాత ఎంసీబీలను ఒక్కొక్కటే పైకి లేపుతూ మీటరు చూడండి.

మా ఇంట్లో మెయిన్ ఆపినా సూది ఎస్7 దగ్గరే ఉండిపోయింది. గంటసేపు తల పట్టుకున్నాక తెలిసింది, దొంగ మా ఇంట్లో లేడు, మెట్ల మీద ఉన్నాడు: సీసీ కెమెరా అడాప్టరు. వాచ్‌మన్‌ను బతిమాలి రెండు నిమిషాలు ప్లగ్గు పీకిస్తే సూది ఎస్3కి పడింది. నాలుగు యూనిట్లు! పవర్ తగ్గించి నేను పోగొట్టుకున్నదానికి దాదాపు రెట్టింపు. అడాప్టరు తీగకు ఫెరైట్ రింగు మీద ఎనిమిది చుట్లు వేశాక చాలావరకు తగ్గింది.

తీగ కట్టడం

ఇంటి వైరింగుకు వాడే 1 స్క్వేర్ ఎంఎం తీగ చాలు. 143ను మెగాహెర్ట్‌జ్‌తో భాగిస్తే డైపోల్ (నడుమ కేబుల్ తగిలించే రెండు చేతుల యాంటెన్నా) మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 40 మీటర్ల బ్యాండుకు సుమారు 20.3, 20కి 10.1, 10కి 5.1. ఒక్కోదాన్ని సగానికి కోసి, మూడు జతలనూ ఒకే కోయాక్స్ కేబుల్‌కు కట్టొచ్చు. మొదట జానెడు ఎక్కువే ఉంచండి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (తీగ నుంచి ఎంత పవర్ వెనక్కి తిరిగొస్తోందో చూపేది) చూస్తూ కొంచెం కొంచెం కత్తిరించుకోవచ్చు. కోసేసిన తీగ మళ్లీ పెరగదు.

వాటర్ ట్యాంకు పక్కన 5 మీటర్ల వెదురు గడ నిలబెట్టి, నడుమ భాగాన్ని పైకి లాగి, కొసలను పిట్టగోడల వైపు దించండి. రోడ్డు వైపు కరెంటు తీగలుంటే అటు వద్దే వద్దు. ఉరుములు మొదలవగానే కేబుల్ ఊడదీయండి. సంక్రాంతి వారంలో ప్రయోగం పెట్టుకోకండి. మాంజాకు సన్న తీగ ఒక లెక్క కాదు.

ఈ గడ ఎత్తులోనే అసలు తమాషా ఉంది. అదే 5 మీటర్లు 40 మీటర్ల బ్యాండుకు తరంగంలో ఎనిమిదో వంతు, 20కి పావు, 10కి సగం. అందుకే 40లో సిగ్నల్ ఎక్కువగా నడినెత్తి మీదికి పోయి, విజయవాడ, బెంగళూరు లాంటి దగ్గరి ఊళ్ల మీద పడుతుంది. 10లో అదే గడ నుంచి వాలుగా బయల్దేరి దూరదేశాలకు పోతుంది.

పవర్ కొలవడం

కోఠి గుజరాతీ గల్లీలో 1 కిలో ఓమ్, 1 వాట్ రెసిస్టర్లు ఇరవై కొనండి. వైర్‌వౌండ్ రకం వద్దు. అన్నీ పక్కపక్కన సమాంతరంగా అతికిస్తే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్, అంటే యాంటెన్నా బదులు పవర్‌ను మింగేది, తయారు. దానికి 1ఎన్4148 డయోడ్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపి మల్టీమీటరుతో డీసీ వోల్టులు చూడండి. వచ్చిన అంకెకు డయోడ్ మింగే 0.6 కలిపి, వర్గం చేసి, 100తో భాగిస్తే వాట్లు. ఉదాహరణకు 21.8 చూపిస్తే 22.4 అవుతుంది, దాని వర్గం సుమారు 502, అంటే 5 వాట్లు. 1 వాట్‌కు మీటరు 9.4 చూపాలి.

ప్రతి బ్యాండులో విడిగా కొలవాలి. మన హైదరాబాదీ అషర్ ఫర్హాన్ రూపొందించిన మైక్రోబిటెక్స్ రేడియో వాడేవాళ్లకు ఇది తెలిసిందే: పై బ్యాండ్లకు పోయేకొద్దీ పవర్ తగ్గుతుంది. ఇది చూసుకోకుండా "10 మీటర్లు చచ్చిపోయింది" అనేస్తే తప్పు ఆకాశానిది కాదు.

ప్రయోగం

దీనికి విస్పర్ (డబ్ల్యూఎస్‌పీఆర్) పద్ధతి హాయి. రేడియోకు కంప్యూటరు కలిపితే చాలు, మాటలు అక్కర్లేదు. దీన్ని తయారుచేసిన జో టేలర్ 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నాయన. కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే పేరు), ఊరి గ్రిడ్ (మ్యాపులో మన గడి), పవర్, ఈ మూడింటినే దాదాపు 111 సెకన్లపాటు పంపుతుంది. హైదరాబాద్ గ్రిడ్ ఎంకే97. సరి నిమిషాల్లోనే మొదలవుతుంది కాబట్టి కంప్యూటరు గడియారం సెకనుకు సరిపోవాలి. రేడియో డయల్‌ను 40, 20, 10 బ్యాండ్లకు వరుసగా 7.0386, 14.0956, 28.1246 మెగాహెర్ట్‌జ్ దగ్గర పెట్టండి.

ఒకే తీగ, ఒకే 1 వాట్. ఉదయం 7కు, మధ్యాహ్నం 1కి, రాత్రి 9కి మూడు బ్యాండ్లలోనూ పది పదిసార్లు పంపండి. ఎవరెవరు విన్నారో విస్పర్‌నెట్ వెబ్‌సైటులో కనిపిస్తుంది. 40 పగలు చుట్టుపక్కల ఊళ్లే తిరిగి, చీకటి పడ్డాక కాళ్లు చాచుకుంటుంది. 10 పగటి బ్యాండు, సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలోనే బాగా పలుకుతుంది. మరుసటి వారం పవర్‌ను 200 మిల్లీవాట్లకు దించి మళ్లీ చేయండి. తగ్గేది 7 డెసిబెల్సే. అందుకే ఎన్ని రిపోర్టులు మిగిలాయన్నది చూడదగ్గ సంగతి.

నోటుబుక్కులో టైమ్ మాత్రం యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే ఉండే సమయం, మనకన్నా ఐదున్నర గంటలు వెనక) రాయండి. తెల్లవారుజామున 5:30కి ముందు మన తారీఖు, యూటీసీ తారీఖు ఒకటి కావు. నేను మొదటి వారం రాసిన రెండు పేజీలు దీనివల్లే చెత్తబుట్టకు పోయాయి.