పోర్ట్ ఐసొలేషన్: స్విచ్‌లో పెట్టడం ఒక్క లైన్, అసలు పని దాని చుట్టూ ఉంది

ఒకే స్విచ్‌కి తగిలించిన సిస్టమ్‌లన్నిటికీ నెట్ రావాలి, కానీ ఒకదానికొకటి కనిపించకూడదు. హాస్టల్ గదులు, గెస్ట్ నెట్‌వర్క్, సీసీ కెమెరాలు, ఎక్కడైనా ఇదే అవసరం. ఒక్కో పోర్ట్‌కి ఒక్కో వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేరే నెట్‌వర్క్) పెట్టుకుంటూ పోతే సబ్‌నెట్‌లు (ఐపీ అడ్రస్‌ల గుంపులు), డీహెచ్‌సీపీ స్కోప్‌లు (సిస్టమ్‌లకి ఆటోమేటిక్‌గా పంచే ఐపీల జాబితాలు) పెరిగిపోయి మెయింటెనెన్స్ తలనొప్పి అవుతుంది, అందుకే నేనైతే ఇలాంటిచోట పోర్ట్ ఐసొలేషనే పెట్టమంటాను.

రూల్ చిన్నదే. ఐసొలేట్ చేసిన పోర్ట్ నుంచి అలాంటి ఇంకో పోర్ట్‌కి ఏమీ పోదు, అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ కూడా పోదు. మామూలు పోర్ట్‌తో మాత్రం రెండు వైపులా మాట్లాడుతుంది. కాబట్టి ముందు రూటర్ వైపు వెళ్లే అప్‌లింక్ ఏదో చూసి రాసుకోండి, దాన్ని ముట్టుకోవద్దు, పొరపాటున దాన్నీ కలిపేశారంటే అందరికీ నెట్ పోతుంది. అందరూ వాడే ప్రింటర్ ఉంటే ఆ పోర్ట్‌నీ మామూలుగానే వదిలేయండి.

సిస్కో క్యాటలిస్ట్‌లో ఆ ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్లి ‘స్విచ్‌పోర్ట్ ప్రొటెక్టెడ్’ అని కొడితే చాలు. హువావేలో అయితే ‘పోర్ట్-ఐసొలేట్ ఎనేబుల్ గ్రూప్ 1’. ఇక్కడ ఒకే గ్రూప్‌లో ఉన్నవే మాట్లాడుకోవు, వేరే గ్రూప్ వాటితో మాట్లాడతాయి, కాబట్టి అన్నిటికీ ఒకే నంబర్ ఇవ్వండి. వెబ్ పేజీతో నడిచే స్విచ్‌లు కొన్నిటిలో ఏ పోర్ట్ ఏయే పోర్ట్‌లకి పంపొచ్చో టిక్ పెట్టమంటుంది. యూజర్ పోర్ట్‌లకి అప్‌లింక్ ఒక్కటే, అప్‌లింక్‌కి మాత్రం అన్నీ.

రెండో స్విచ్ వచ్చిందంటే జాగ్రత్తగా ఉండాలి. ప్రొటెక్టెడ్ అనేది ఆ ఒక్క స్విచ్ వరకే పనిచేస్తుంది, పక్క స్విచ్‌కి ఆ సంగతి తెలియదు, అందుకని మొదటి స్విచ్‌లోని యూజర్ పంపింది అప్‌లింక్ మీదుగా పైకి వెళ్లి, రెండో స్విచ్ అప్‌లింక్ గుండా అక్కడి యూజర్ దగ్గరికి హాయిగా చేరిపోతుంది. దీనికి మందు పై స్విచ్‌లో ఉంది: కింది స్విచ్‌లకి వెళ్లే పోర్ట్‌లని కూడా ప్రొటెక్టెడ్ చేసి, రూటర్ పోర్ట్‌ని మాత్రం వదిలేయండి. స్విచ్‌లు ఎక్కువైతే ప్రైవేట్ వీల్యాన్‌కి (ఇదే ఐసొలేషన్‌ని స్విచ్‌లన్నిటికీ కలిపి వీల్యాన్ స్థాయిలో పెట్టే పద్ధతి) మారడమే మంచిది.

ఐసొలేషన్‌ని దాటిపోయే ఇంకో దారి గేట్‌వే, అంటే రూటర్. యూజర్ తన ప్యాకెట్‌ని పక్కవాడి ఐపీకే రాసి, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్ అడ్రస్) మాత్రం రూటర్‌ది పెడితే స్విచ్ ఆపదు, రూటర్ దాన్ని తిప్పి పక్కవాడికే ఇచ్చేస్తుంది. కాబట్టి రూటర్‌లో లోపలి వైపు ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ని వదలాలో, ఏది ఆపాలో చెప్పే రూల్స్ జాబితా) పెట్టండి. మీ సబ్‌నెట్ 192.168.10.0/24 అనుకుంటే: మొదట గేట్‌వే 192.168.10.1కి పర్మిట్, ఆ తర్వాత 192.168.10.0/24 నుంచి అదే సబ్‌నెట్‌కి డినై, చివర మిగతాదంతా పర్మిట్. ప్రింటర్ కూడా ఇదే సబ్‌నెట్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, దాని ట్రాఫిక్ రూటర్ దాకా రాదు. లోకల్ ప్రాక్సీ ఏఆర్‌పీ (పక్క సిస్టమ్‌ల బదులు రూటరే తన మ్యాక్ అడ్రస్‌తో జవాబిచ్చే సెట్టింగ్) మాత్రం ఆన్‌లో ఉండకూడదు.

టెస్ట్ చేసేటప్పుడు పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతోందో చూసే కమాండ్) రాలేదని పని అయిపోయిందనుకోకండి, విండోస్ ఫైర్‌వాల్ వల్ల కూడా పింగ్ ఆగుతుంది. ఐసొలేషన్ పెట్టకముందు పింగ్ వస్తోందో లేదో చూసుకోండి, పెట్టాక ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీకి ఏ మ్యాక్ అడ్రసో సిస్టమ్ రాసుకునే పట్టిక) క్లియర్ చేసి మళ్లీ కొట్టండి, పక్క సిస్టమ్ మ్యాక్ అడ్రస్ అందులో కనిపించకూడదు. సిస్కోలో ‘షో ఇంటర్‌ఫేసెస్ స్విచ్‌పోర్ట్’ కొడితే ‘ప్రొటెక్టెడ్: ట్రూ’ అని ఉండాలి. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు కాన్ఫిగరేషన్ సేవ్ చేయండి, సేవ్ చేయకపోతే కరెంట్ పోయి వచ్చాక పోర్ట్‌లన్నీ మళ్లీ తెరుచుకుంటాయి.