మేడ మీద మల్లెలు పూయించుకోవడం, దండ కట్టుకోవడం

యాభై దగ్గర పడ్డాక వేసవి సెలవులంటూ ఏమీ ఉండవు కదా, పిల్లలు వాళ్ళ పనుల్లో వాళ్ళుంటారు, ఆఫీసు నుంచి వచ్చేసరికి హైదరాబాద్‌లో ఇల్లంతా కాగిపోతూ ఉంటుంది, ఏసీ వేసుకుని ఫోన్ చూస్తూ పడుకోవడం తప్ప ఇంకేం తోచదు. నాకు ఆరేళ్ళుగా ఆ టైమ్‌లో మేడ మీద మల్లె కుండీలే లోకం. ఎండ ముదిరేకొద్దీ మిగతా మొక్కలు తలలు వాలుస్తుంటే మల్లె మాత్రం మొగ్గ తొడుగుతుంది, అది చూస్తుంటే నిజంగా ప్రాణం లేచొస్తుంది. నాలుగు కుండీలుంటే చాలు, ఎవరైనా చెయ్యొచ్చు.

ముందు ఎండ ఎంతసేపు పడుతుందో చూసుకోండి. రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా పడాలి. చాలామంది బాల్కనీలో నీడన పెట్టి, ఆకులు బాగా వస్తున్నాయి పూలు రావట్లేదు అంటారు, ముందు కుండీ జరిపి చూడండి, చాలాసార్లు కారణం అదే. నర్సరీలో కొనేటప్పుడు ఒకటో రెండో మొగ్గలున్న మొక్కే తీసుకోండి, ఏ రకమో కళ్ళతో చూసుకోవచ్చు. నేను ఒకసారి బొండుమల్లె అని చెప్తే నమ్మి తెచ్చుకున్నా, ఏడాది పెంచాక వేరేది పూసింది. బొండుమల్లె రేకలు ఒత్తుగా ఉండి గుండ్రంగా, చూడ్డానికి బావుంటుంది, దండ కట్టడానికి మాత్రం నాకు ఒంటిరేక మల్లే సుళువు.

కుండీ 14 అంగుళాలది తీసుకోండి, అడుగున కన్నాలు తప్పనిసరి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్ట్, ఒక పాలు ఇసుక, పైన గుప్పెడు వేపపిండి, అంతే. కుండీని స్లాబ్ మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టండి, మే నెలలో స్లాబ్ వేడికి కింద వేళ్ళు ఉడికిపోతాయి. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే తడి నిలుస్తుంది.

నీళ్ళ సంగతి కాస్త జాగ్రత్తగా వినండి, నా మొదటి మొక్క పోయింది ఇక్కడే. పొద్దున ఏడులోపు పొయ్యాలి, కింద కన్నంలోంచి కారేదాకా. సాయంత్రం మట్టిలో వేలు పెట్టి చూసి ఎండిపోయి ఉంటేనే మళ్ళీ పొయ్యాలి. సాయంత్రం పైపు విప్పగానే ముందొచ్చే నీళ్ళు సలసలా కాగుతుంటాయి, అవి బకెట్‌లోకి పట్టి పక్కన పెట్టండి, చల్లారాక వాడుకోవచ్చు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కూడా భయపడి పూటపూటా పోసేయొద్దు, వేరు కుళ్ళితే ఆకు వాడిపోతుంది, మనమేమో దాహమనుకుని ఇంకా పోస్తాం.

అసలు కిటుకు కత్తిరింపులో ఉంది, ఎందుకంటే మల్లె కొత్త చిగుళ్ళకే పూస్తుంది. డిసెంబర్‌లో వారం పది రోజులు నీళ్ళు బాగా తగ్గించి, మొక్కని కుండీ మట్టి నుంచి అడుగున్నర ఎత్తులో కత్తిరించి, మిగిలిన ఆకులు కూడా దూసేసి, ఎరువు వేసి అప్పుడు నీళ్ళు పెట్టాలి. మొదటిసారి మనసొప్పదు, పుల్లల్లా మిగులుతాయి, కానీ మార్చికి మొగ్గలతో నిండిపోతుంది. ఈసారి చెయ్యలేదా, పర్లేదు, ఒక విడత పూసి అయిపోగానే ప్రతి కొమ్మ చివర రెండు మూడు అంగుళాలు కత్తిరించి గుప్పెడు కంపోస్ట్ వెయ్యండి, నెల తిరిగేసరికి మళ్ళీ మొగ్గలొస్తాయి.

తెగుళ్ళంటారా, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపైతే ఇనుము అందట్లేదని అర్థం, బోరునీళ్ళు పోసే ఇళ్ళల్లో ఇది మామూలే. లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, కలిపి చల్లపూట ఆకుల మీద కొట్టండి. మొగ్గ ఊదారంగుకి తిరిగి కన్నం పడితే లోపల పురుగుంది, అవి తెంపి పారేసి, లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కలు సబ్బునీళ్ళు కలిపి వారానికోసారి సాయంత్రం కొడితే సరిపోతుంది.

ఇక కోయడం. పూలు కాదు, మొగ్గలు కొయ్యాలి, సాయంత్రం నాలుగైదు మధ్య. బాగా ఉబ్బి తెల్లగా మెరుస్తున్నవి ఆ రాత్రే విచ్చుకుంటాయి, ఇంకా పచ్చగా ఉన్నవి రేపటికి వదిలెయ్యండి. కాడతో సహా గిల్లండి, కాడ లేకపోతే కట్టలేం.

కట్టడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నా, మగవాడివి నీకెందుకురా అనలేదు, పక్కన కూర్చోబెట్టుకుంది. అరటినార సన్నగా చీల్చి పది నిమిషాలు నీళ్ళల్లో నానెయ్యండి. ఎడమచేతి బొటనవేలు చూపుడువేలు మధ్య నార కొస పట్టుకుని, రెండు మొగ్గలు ఎడమవైపుకి తలలుండేలా, ఇంకో రెండు కుడివైపుకి తలలుండేలా పెట్టండి, నాలుగు కాడలూ మధ్యలో ఒకదాని మీద ఒకటి పడాలి. నార కాడల చుట్టూ ఒక చుట్టు తిప్పి, తర్వాత కుడిచేత్తో నారని మెలిపెట్టి ఉచ్చు చేసి, ఆ ఉచ్చుని కాడలకి తగిలించి మెల్లగా లాగండి. గట్టిగా లాగితే కాడ తెగుతుంది, వదులైతే పువ్వు జారిపోతుంది. మళ్ళీ నాలుగు మొగ్గలు, మళ్ళీ ఉచ్చు. నేను ఒత్తుగా ఉండాలని మొగ్గలు ఇరికిస్తుంటే అమ్మ, 'అలా కుక్కెయ్యకు నాన్నా, విచ్చుకున్నాక సందులు అవే నిండుతాయి' అనేది. రాత్రి తొమ్మిదింటికి చూస్తే నిజంగానే నిండిపోయేవి. మొదట్లో మూర కట్టడానికి గంట పట్టేది, ఇప్పుడు పావుగంట. మధ్యలో నాలుగు మరువం రెబ్బలు కట్టారంటే ఇంక చెప్పక్కర్లేదు.

కట్టిన దండ తడిగుడ్డలో చుట్టి ఉంచండి, ఇంట్లో వాళ్ళు తలలో పెట్టుకునేదాకా వాడదు. ఎక్కువైతే పక్క ఫ్లాట్ పిన్నిగారికి ఇవ్వండి, వానలు పడ్డాక ఆవిడే కొమ్మ అడుగుతారు, అప్పుడు పెన్సిల్ మందం కొమ్మ జానెడు కత్తిరించి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో పెట్టిస్తే నాటుకుంటుంది. మిగిలిన నాలుగు మొగ్గలు కడిగి మంచినీళ్ళ కుండలో వేసి మూత పెట్టండి, పొద్దున ఆ నీళ్ళు తాగాలి అసలు. మందు కొట్టిన మొక్క పూలైతే మాత్రం కుండలో వెయ్యొద్దు.