అటకలో రకూన్ చేరితే: కన్నం మూసే ముందు జాగ్రత్తలు

అమెరికా, కెనడాల్లో ఉండే మనవాళ్లు, రకూన్ (కళ్ల చుట్టూ నల్లటి పట్టీ, చారల తోక ఉండే అడవి జంతువు) దూరిన కన్నం మూసే పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

- వసంతకాలంలో, వేసవి మొదట్లో లోపల పిల్లలు ఉన్నాయనే అనుకోండి. సన్నని అరుపులు వినిపిస్తే కన్నం మూయవద్దు. తల్లి బయట చిక్కుకుంటే పిల్లల కోసం కప్పునే చీల్చగలదు. లేదంటే అవి ఆకలితో చనిపోతాయి. అంత క్రూరత్వం మనకెందుకు? లైటు వేసి, రేడియో మోగనిచ్చి కొన్ని రోజులు ఓపిక పట్టండి. చాలాసార్లు తల్లే ఒక్కొక్క పిల్లను నోట కరచుకుని మరోచోటికి చేరుస్తుంది.

- చిమ్నీలో అలికిడి ఉంటే నిప్పు రాజేయవద్దు.

- పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా తాకవద్దు. రేబిస్ సోకే ప్రమాదం ఉంది. కరిస్తే సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

- రకూన్ మలంలో మనుషులకు ప్రమాదకరమైన పురుగుల గుడ్లు ఉండవచ్చు. చేతి తొడుగులు, మాస్కు లేకుండా శుభ్రం చేయవద్దు. పసిపిల్లలను అటువైపు రానివ్వకండి.

- బోను పెట్టాలంటే ముందు స్థానిక వన్యప్రాణి శాఖను అడగండి.