చెన్నైలో ఏసీ వాడుతూనే కర్బన ఉద్గారాలను తగ్గించుకోవడం ఎలా?

ఏసీ వల్ల వాతావరణానికి రెండు దారుల్లో నష్టం జరుగుతుంది. ఒకటి అది తీసుకునే కరెంటు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ తయారీకి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రెండోది దాని గొట్టాల్లో తిరిగే గ్యాస్. స్టార్లు లెక్కపెట్టి ఏసీ కొనే మనం ఈ రెండో దాని ఊసే ఎత్తము.

ముందుగా మిద్దె సంగతి చూసుకోండి. మే నెలలో ఎండలు మండిపోయే అగ్నినక్షత్రం రోజుల్లో పగలంతా కాగిన కప్పు రాత్రంతా పడకగదిలోకి వేడిని దించుతూనే ఉంటుంది కనుక, పై అంతస్తులో ఏసీకి అదనపు చాకిరీ తప్పదు. ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, పైన మట్టి పలకలు వేసే చెన్నై పాత పద్ధతి ఆ వేడిని కొంత ఆపుతుంది. పగిలిన పలకలను సరిచేయించి, వాటి మీద తెల్లని కూల్ రూఫ్ పెయింటు వేయించండి. అద్దెకున్నవారు పడమటి కిటికీకి బయటివైపు వెదురు తడక కట్టుకోవచ్చు. ఎండ అద్దం దాటి వచ్చాక లోపల తెర వేయడం కంటే ఇదే మేలు.

తరువాత రిమోట్. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 26 దగ్గర ఉంచి, తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను తిప్పితే ఉక్కపోత తెలియదు.

ఇక గ్యాస్. ఏటా వేసవికి ముందు గ్యాస్ నింపించడం మన ఇళ్లలో ఆనవాయితీ అయిపోయింది. నిజానికి అది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఏసీల్లో వాడే ఆర్410ఏ అనే గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కన, 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే సుమారు 3,000 యూనిట్ల కరెంటు వాడినంత! తిరువాన్మియూరు, రాయపురం వంటి చోట్ల ఉప్పుగాలి బయటి యూనిట్ కాయిల్‌ను తినేస్తుంది కాబట్టి, దాన్ని తరచుగా మంచినీళ్లతో కడిగించాలి. గ్యాస్ తగ్గిందని మెకానిక్ చెబితే, నైట్రోజన్ ఎక్కించి లీకు ఎక్కడుందో పట్టుకుని, అతికించి, వాక్యూమ్ పంపుతో గాలినీ తేమనూ లాగేశాకే, యూనిట్ మీద రాసిన తూకం ప్రకారం నింపమని పట్టుబట్టండి. కొంచెం ఎక్కువ డబ్బు అడుగుతారు, ఇవ్వండి.

కొత్తది కొనేటప్పుడు లేబుల్ మీది వార్షిక యూనిట్లు 1,600 గంటల వాడకానికి వేసినవని గుర్తుంచుకోండి. రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు వాడే ఇంట్లో ఆ అంకె ఒకటిన్నర రెట్లవుతుంది కనుక, ఐదు స్టార్లకు పెట్టే అదనపు ధర చెన్నైలో త్వరగా తిరిగొస్తుంది. గ్యాస్ పేరూ చదవండి: వాతావరణంపై ఆర్32 ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 675 రెట్లు, ఆర్290 అనే ప్రొపేన్‌ది అతి స్వల్పం. అయితే ప్రొపేన్‌కు మంట అంటుకునే గుణం ఉంది గనుక, దాని బిగింపు శిక్షణ పొందినవారి చేతనే జరగాలి.

పాత ఏసీని విప్పించే ముందు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగించి వాల్వులు మూయించండి. ఆ తరువాత దాన్ని పాత సామాన్ల బండికి కాక, అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి అప్పగించండి.