ఇంట్లో స్విచ్ మార్చేటప్పుడు: నిబంధన ఎంతవరకు, జాగ్రత్త ఎక్కడ

కాలిపోయిన స్విచ్‌ను మనమే మార్చుకోవచ్చా అన్న ప్రశ్నకు నిబంధనల్లోనే జవాబు ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్ వంటివాటిని వైరింగ్ సామర్థ్యంగానీ స్వభావంగానీ మారకుండా తీసి కొత్తవి పెట్టుకోవచ్చు. అంతకు మించిన ఏ పనినైనా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించాలి. 6 ఆంపియర్ల సాకెట్ తీసి అదే చోట 16 ఆంపియర్లది బిగించడం చిన్న పనిలాగే కనిపిస్తుంది గాని, లైట్ల కోసం వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద గీజరు భారం మోపడం సామర్థ్యాన్ని మార్చడమే అవుతుంది. ఎంసీబీ (భారం మించితే కరెంటును దానంతటదే ఆపే స్విచ్) పదేపదే పడిపోతోందని దాని స్థానంలో పెద్దది పెట్టడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు గోడలో వైరు కాలుతున్నా కరెంటును ఆపేది ఏదీ ఉండదు.

మన ఇళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇన్వర్టర్ దగ్గర. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ దాన్ని కరెంటు కోతగా భావించి, అదే స్విచ్‌బోర్డులోకి మళ్లీ 230 వోల్టులు పంపుతుంది. ఇన్వర్టర్ ముందు పలక మీదున్న స్విచ్ ఒక్కటే ఆపినా చాలదు, చాలా రకాల్లో బ్యాటరీ సరఫరా మాత్రమే ఆగి, మెయిన్ కరెంటు దాని గుండా యథాప్రకారం వెళ్తూనే ఉంటుంది. అందువల్ల రెండూ ఆపాలి. పని జరుగుతోందని ఇంట్లో అందరికీ చెప్పి, మెయిన్ దగ్గర కాగితం అంటించాలి.

ఆ తర్వాత కూడా నమ్మకంతో చెయ్యి పెట్టకూడదు. మెయిన్ ఆపకముందే కరెంటు ఉన్న సాకెట్‌లో టెస్టర్ వెలుగుతోందో లేదో చూడాలి. ఆపాక బోర్డులోని ప్రతి వైరునూ ఒక్కొక్కటిగా పరీక్షించాలి. వైర్ల మీద చెయ్యి పెట్టకముందే, కరెంటు ఉన్న చోట టెస్టర్ మళ్లీ వెలిగితేనే అది చూపిన చీకటిని నమ్మవచ్చు. ఎండిన చెక్క బల్ల మీద రబ్బరు చెప్పులతో నిలబడితే టెస్టర్ దీపం మసకగా వెలగవచ్చు, కాబట్టి మసక వెలుగును కూడా కరెంటు ఉన్నట్టే లెక్కించాలి. నా మటుకు వోల్టేజీని అంకెల్లో చూపే మల్టీమీటరు కొనుక్కోవడమే మేలు.

వైర్లు విప్పేముందు ఫోటో తీసుకోవాలి. స్విచ్ ఎప్పుడూ ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) మీదే ఉండాలి. కొన్ని పాత ఇళ్లలో అది న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద ఉంటుంది, అక్కడ స్విచ్ ఆపినా బల్బు హోల్డరులో కరెంటు ఉంటుంది. వైరు రంగును చూసి నిర్ధారణకు రాకుండా టెస్టరుతోనే తేల్చుకోవాలి. స్విచ్ న్యూట్రల్ మీద ఉందని తేలితే బిగించకుండా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. రాగి పోగులన్నీ మెలిపెట్టి, ఒక్కటీ బయట మిగలకుండా స్క్రూ కింద గట్టిగా బిగించి, వైరును మెల్లగా లాగి చూడాలి. స్విచ్‌లు కాలడానికి తరచుగా కారణం లూజ్ కనెక్షనే.

30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే పరికరం) ఉంటే ప్రాణాపాయం చాలా తగ్గుతుంది, దాని టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి అది పడుతోందో లేదో చూడాలి. అయితే ఒక చెయ్యి ఫేజ్‌కూ మరో చెయ్యి న్యూట్రల్‌కూ తగిలినప్పుడు అది కాపాడదు. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపాలి, అంతవరకు వారిని తాకకూడదు. ఆపాక 108కు ఫోన్ చేయాలి.

అంతా బిగించి కరెంటు వేశాక అరగంట స్విచ్ వాడి, దాని పైభాగం తాకి చూడండి. వెచ్చగా అనిపించినా, కాలిన వాసన వచ్చినా మెయిన్ ఆపేయండి.