తాటిమాను, చెరువుకట్ట, నల్లసిరా: జపాన్ నుంచి అమెరికా నేర్చిన కూర్పును సాధన చేయడం ఎలా?

అమెరికన్ చిత్రకళపై జపాన్ ప్రభావం అనగానే చాలామంది కిమోనోలు, విసనకర్రలు, బంగారు తెరలు ఉన్న బొమ్మలను వెతుకుతారు. అటువంటివి లేకపోలేదు. అమెరికన్ చిత్రకారుడు జేమ్స్ విస్లర్ 1864లో వేసిన ‘కాప్రిస్ ఇన్ పర్పుల్ అండ్ గోల్డ్’లో కిమోనో ధరించిన స్త్రీ బంగారు తెర ముందు కూర్చొని జపాన్ అచ్చుచిత్రాలను చూస్తూ ఉంటుంది. నా దృష్టిలో ఇది వేషం వరకే. కాగితాన్ని ఎలా భాగించాలి, ఎంత ఖాళీ వదలాలి, ఏ వస్తువును అంచు దగ్గర తెగ్గొట్టాలి అన్న నిర్ణయాలలో ఆ ప్రభావం ఇంతకంటే లోతుగా కనిపిస్తుంది. ఆ నిర్ణయాలను నల్లగొండ పరిసర దృశ్యాలతోనే సాధన చేసే పద్ధతి ఒకటుంది.

పద్ధతి ఆర్థర్ వెస్లీ డౌ అనే చిత్రకళోపాధ్యాయునిది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఇప్స్‌విచ్‌లో 1857లో పుట్టి, పారిస్‌లో చదువుకొని వచ్చిన ఆయన, 1891లో బోస్టన్ పబ్లిక్ లైబ్రరీలో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ చిత్రాలను చూసి, అప్పటిదాకా నేర్చిన పాఠాలను పక్కన పెట్టి, బోస్టన్ మ్యూజియంలో జపాన్ సేకరణల బాధ్యత చూస్తున్న ఎర్నెస్ట్ ఫెనలోసా సాహచర్యంలో అక్కడి చెక్క అచ్చుచిత్రాలను అధ్యయనం చేశారు. ఫలితంగా 1899లో ‘కంపోజిషన్’ అనే పాఠ్యగ్రంథం వెలువడింది. అందులో మెట్లు మూడు: మొదట గీత, తరువాత నోటాన్, అంటే నలుపు తెలుపుల పొందిక, చివరగా రంగు. అమెరికన్ చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1914-15లో కొలంబియా టీచర్స్ కాలేజీలో ఆయన వద్దనే చదువుకున్నారు.

కుంచె పట్టడానికి ముందు రెండు చిత్రాలను ఫోన్‌లోనైనా సరే పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో చేసిన కమెయిదో ప్లమ్ తోట చిత్రం. దానిలో చెట్టు మాను ముందువైపున అడ్డంగా సాగి, కొమ్మలు అంచు దగ్గర తెగిపోయి, మనుషులు వెనక ఎక్కడో చిన్నగా కనిపిస్తారు. రెండోది విస్లర్ 1870ల తొలి భాగంలో వేసిన లండన్‌లోని బాటర్‌సీ వంతెన రాత్రి దృశ్యం. విస్లర్ ఆ వంతెన స్తంభాన్ని ఉన్నదానికంటే చాలా ఎత్తుగా సాగదీసి, వంతెన రెండు కొసలనూ అంచుల దగ్గర కోసివేసి, మిగిలిన జాగాను దాదాపు ఒకే నీలి రంగుకు అప్పగించారు. వంతెన ఎలా ఉందన్నది ఆయనకు ముఖ్యం కాలేదు. ఆ నిలువు చట్రంలో అది ఎలా నిలుస్తుందన్నదే ముఖ్యమైంది.

ఇక సాధనకు కావలసినవి డ్రాయింగ్ షీట్లు, నల్ల ఇండియన్ ఇంక్, ఒక లావు కుంచె, ఒక సన్న కుంచె, పెన్సిలు. పాత పెళ్లిపత్రిక అట్టను మధ్యలో దీర్ఘచతురస్రంగా కోస్తే చూపుకు చట్రం సిద్ధమవుతుంది. పానగల్ ఉదయసముద్రం చెరువుకట్ట ప్రాంతం ఇందుకు అనువైనది. కట్ట గీత, నీరు, దూరాన గుట్టలు, పొలం గట్ల మీది తాటిచెట్లు అన్నీ పెద్ద పెద్ద ఆకారాలే. మహబూబ్‌నగర్ వారు పిల్లలమర్రితో మొదలుపెట్టకపోవడమే మంచిది, ఎందుకంటే అన్ని ఊడల మధ్య ఏది వదిలేయాలో కొత్తవారికి తేలదు.

అట్ట చట్రాన్ని కంటికి ముందు పట్టుకొని, తాటిమాను చట్రాన్ని పైనుంచి కిందికి చీల్చేటట్లు జరపండి. తాటితల కనిపించనవసరం లేదు. పై అంచు దగ్గర దానిని తెగ్గొట్టండి. కాగితం మీద చతురస్రం, నిలువు, అడ్డం అనే మూడు గళ్లు గీసి, అదే దృశ్యాన్ని మూడింటిలోనూ కేవలం గీతలతో అమర్చండి. మాను ఒక గడిలో కుడి అంచుకు ఆనుకోవాలి, ఇంకొక గడిలో మూడో వంతు దగ్గర నిలవాలి. కట్ట గీత ఎక్కడా సరిగ్గా మధ్యకు రాకూడదు. గడి మారితే దృశ్యం మారుతుందన్న సంగతి ఈ దశలోనే చేతికి తెలుస్తుంది, కనుక ఇక్కడ తొందరపడవద్దు.

తరువాతిది అసలు మెట్టు. నచ్చిన గడిని పెద్దదిగా గీసి, ప్రతి ఆకారం నలుపా తెలుపా అని తేల్చండి. మధ్యస్థం లేదు. డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష కోసం సాధన చేసినవారికి చేయి తనంతట తానే షేడింగ్ వైపు పోతుంది, దానిని ఆపాలి. కళ్లు సగం మూసి చూస్తే చిన్న వివరాలు కరిగిపోయి పెద్ద మచ్చలు మిగులుతాయి. మాను నలుపు, ఆకాశం తెలుపు అయితే మరి నీరు? నీటిని తెలుపుగా వదిలితే అది ఆకాశంతో కలిసిపోయి కట్ట ఒక్కటే నల్లని పట్టీగా నిలుస్తుంది. నలుపు చేస్తే మాను కింది సగం అందులో మునిగిపోతుంది, అప్పుడు మాను అంచున సన్నని తెల్లగీత వదలవలసి వస్తుంది. రెండూ వేసి చూడండి. మాను అంచును స్కేలుతో గీసినట్లు కాక, రాలిన మట్టల మొదళ్లు నిలిచిన చోట చిన్న చిన్న పళ్లుగా వదిలితే అది తాటిచెట్టేనని చెప్పడానికి ఇంకేమీ అక్కరలేదు. పైన ఒక లొట్టి వేలాడుతుంటే దానిని ఒక్క నల్లచుక్కగా పెట్టండి. రెండో లొట్టి ఉన్నా వదిలేయండి.

సిరా ఆరిన తరువాత కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూడాలి. తెల్లని భాగాలకు కూడా చూడదగిన ఆకారం ఉంటే కూర్పు కుదిరినట్లే. అవి మిగిలిపోయిన ముక్కలవలె కనిపిస్తే మానును కొంచెం జరిపి మళ్లీ వేయాలి. ఖాళీని చూసి భయపడి కొంగలను, మబ్బులను చేర్చడం మనలో ఎక్కువ. అంతకంటే అన్యాయం, తాటిచెట్టు పక్కన చెర్రీ పూల కొమ్మ తగిలించి దానిని జపాన్ శైలి అనడం.

సిరాలో నీళ్లు కలిపి ఒక బూడిద ఛాయను చేర్చడం తరువాతి పాఠం, అది తేలికే. రంగుకు వచ్చేసరికి మూడు పోస్టర్ రంగులతో, ఛాయాభేదాలు లేకుండా చదునుగా పూయాలి. డౌ ఇప్స్‌విచ్ చిత్తడి నేలల దృశ్యాలను అవే చెక్క అచ్చులతో వేరువేరు రంగులలో ముద్రించేవారు. అలాగే మీ గీతలను ట్రేసింగ్ కాగితంతో దించుకొని ఒకసారి తెల్లవారుజాము రంగులలో, మరోసారి మిట్టమధ్యాహ్నపు రంగులలో వేయండి. చదును రంగుల పొందిక తెలియాలంటే పుట్టపాక చేనేత తేలియా రుమాలును పరచి, ఎరుపు, నలుపు, తెలుపు అంచులో ఎంత, నడిమి గళ్లలో ఎంత ఉన్నాయో గమనించండి. అమెరికన్ చిత్రకారిణి మేరీ కాసట్ 1890లో పారిస్‌లో జపాన్ అచ్చుచిత్రాల పెద్ద ప్రదర్శన చూసి, ఆ తరువాత రంగులలో చేసిన పది ముద్రణలలో ఇటువంటి చూపే ఉంది. వాటిలోని ‘ద లెటర్’లో బట్ట మీది పూలు, గోడ మీది పూలు నీడలు లేకుండానే వేరుపడి కనిపిస్తాయి.

సంతకాన్ని అలవాటుగా కుడి మూలలో పడేయవద్దు. విస్లర్ తన పేరుకు బదులు సీతాకోకచిలుక గుర్తును, జపాన్ చిత్రాలలోని ముద్రల తరహాలో, కూర్పుకు అవసరమైన చోట ఉంచేవారు. మీ చిత్రంలో మాను కుడివైపు ఉంటే ఎడమ దిగువన తెల్లని నీటిలో రెండక్షరాలు సరిపోతాయి. అక్కడ అవి బరువనిపిస్తే కాగితం వెనక రాసుకోండి.