గిటార్ అస్సలు రానివాళ్లు మొదటి రెండు మూడు నెలల్లో ఎలా నేర్చుకోవాలి?

గిటార్ కొనుక్కుని నెల తిరక్కుండానే అటక ఎక్కించేసేవాళ్లు చాలామందే ఉంటారు, ఏమైందని అడిగితే "నాకు చెయ్యి తిరగట్లేదండి, మ్యూజిక్ నాకు రాదేమో" అంటారు. నేను చూసినంతలో వాళ్లలో ఎక్కువమందికి అడ్డం పడేవి రెండే: సరిగ్గా సెట్ చెయ్యని గిటార్, కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) మారేటప్పుడు కుడిచెయ్యి ఆగిపోవడం. రెండూ సరిచేసుకోగలిగినవే, అందుకే వాటి గురించే ఎక్కువ చెప్తా.

ముందు గిటార్

పాడుకుంటూ కార్డ్స్ కొట్టుకోవాలంటే స్టీల్ తీగల అకూస్టిక్ తీసుకోండి, యమహా ఎఫ్280 లాంటి మామూలు మోడల్ చాలు. చిన్నపిల్లలకైతే నైలాన్ తీగలది వేళ్లకి మెత్తగా ఉంటుంది, కానీ దానికి ఎప్పుడూ స్టీల్ తీగలు వెయ్యకండి, ఆ లాగుడుకి బ్రిడ్జ్, అంటే గిటార్ బాడీ మీద తీగలు కట్టి ఉండే చెక్క, ఊడొచ్చేస్తుంది.

షాపులో రంగు, షేపు చూసి మురిసిపోయే ముందు ఒక చిన్న స్కేల్ పెట్టి 12వ ఫ్రెట్ దగ్గర చూడండి (గిటార్ మెడ, అంటే నెక్ మీద అడ్డంగా ఉండే సన్నటి కడ్డీలే ఫ్రెట్లు, తల వైపు నుంచి లెక్కపెట్టాలి). అన్నిటికంటే లావు తీగ అడుగుకీ ఫ్రెట్ కడ్డీకీ మధ్య ఎంత ఎత్తుందో, దాన్నే యాక్షన్ అంటారు. రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే హాయిగా నొక్కొచ్చు. నాలుగు దాటిందంటే అది ఎంత బాగా మోగినా కొత్తవాళ్ల వేళ్లు చచ్చిపోతాయి. రిపేరు తెలిసినవాళ్లయితే బ్రిడ్జ్ మీద ఉండే తెల్లటి పట్టీని, శాడిల్ అంటారు, దాన్ని అడుగున అరగదీసి ఎత్తు తగ్గించిస్తారు, అడిగి చేయించుకోండి. తీగలు కూడా సన్నవి, 10 గేజ్ గానీ 11 గేజ్ గానీ వేయించుకుంటే నొప్పి బాగా తగ్గుతుంది.

రోజూ శృతి చేసుకోవాలి

తీగల నంబర్లు కింద నుంచి మొదలవుతాయి, సన్నది ఒకటి, పైన లావుది ఆరు. లావు నుంచి సన్నకి ఈ, ఏ, డి, జి, బి, ఈ. ఫోన్‌లో ఏదో ఒక ట్యూనర్ యాప్ వేసుకుని ఒక్కో తీగా మీటుతూ కీ తిప్పడమే. ఎప్పుడైనా కొంచెం వదులు నుంచి బిగిస్తూ స్వరం దగ్గరికి రండి, బిగించింది వదులు చేస్తూ వచ్చి ఆపేస్తే కాసేపటికే మళ్లీ జారుతుంది. కొత్త తీగలు రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటాయి, గిటార్ పాడైందని కంగారుపడొద్దు. శృతి తప్పిన గిటార్ మీద మీరు కార్డ్ ఎంత కరెక్టుగా పట్టినా చెవికి తప్పుగానే వినిపిస్తుంది, తప్పంతా మన వేళ్లదే అనుకుంటాం, అందుకే గిటార్ పట్టుకున్న ప్రతిసారీ ఇది మొదటి పని.

పట్టుకోవడం, నొక్కడం

ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించేయండి. బొటనవేలు నెక్ వెనకాల, మిగతా వేళ్లు వంచి కొసలతో నొక్కాలి. వేలు రెండు ఫ్రెట్ల మధ్యలో కాకుండా ముందున్న ఫ్రెట్ కడ్డీకి ఆనుకున్నట్టు వెనకాలే పెడితే సగం బలం సరిపోతుంది, బర్రుమనే చప్పుడు కూడా పోతుంది. వేళ్ల కొసలు మొదటి రెండు మూడు వారాలు మండుతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది. ఆదివారం కూర్చుని రెండు గంటలు వాయించి వారమంతా ముట్టుకోకపోతే ఆ చర్మం ఎప్పటికీ గట్టిపడదు, రోజూ ఇరవై నిమిషాలు చాలు.

మొదటి కార్డ్స్: ఏ మైనర్, సి

చాలామంది ముందు జి, డి చెప్తారు, నేనైతే ఈ రెండింటితో మొదలుపెట్టమంటాను, కారణం కూడా చెప్తా. ఏ మైనర్‌కి చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద, మధ్యవేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద, ఉంగరంవేలు మూడో తీగ రెండో ఫ్రెట్ మీద. ఆరో తీగ వదిలేసి ఐదు నుంచి కిందకి కొట్టాలి. ఇప్పుడు చూపుడువేలు, మధ్యవేలు అస్సలు కదపకుండా ఉంగరంవేలు ఒక్కటే తీసి ఐదో తీగ మూడో ఫ్రెట్ మీద పెట్టండి, అంతే, అది సి. ఒక్క వేలు కదిలితే కార్డ్ మారిపోయింది! మార్పు అంటే ఏంటో చేతికి ఇక్కడే తెలుస్తుంది. కార్డ్ పట్టాక ఒక్కో తీగా విడిగా మీటి చూడండి, ఏదైనా మూగగా ఉంటే పక్క వేలు దానికి తగులుతోందని అర్థం, వేలు ఇంకాస్త నిలబెట్టండి.

ఇవి కుదిరాక ఈ మైనర్, జి, డి ఒక్కోటీ కలుపుకోండి, నెలకి ఈ ఐదూ వస్తే చాలా మంచి స్పీడే.

కుడిచెయ్యి ఆగకూడదు

అసలు సంగతి ఇదే. టిక్ టిక్‌మని లెక్క చెప్పే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 మీద పెట్టుకుని ఏ మైనర్ నాలుగు దెబ్బలు, సి నాలుగు దెబ్బలు, అన్నీ పైనుంచి కిందకే. మారేటప్పుడు ఎడమచెయ్యి అందకపోయినా సరే కుడిచెయ్యి మాత్రం టైముకి పడాల్సిందే, ఒట్టి తీగలు మోగినా పర్లేదు, పోను పోను ఎడమచెయ్యే పరిగెత్తుకుంటూ వచ్చి అందుకుంటుంది. ఆగి, చూసుకుని, వేళ్లు పెట్టుకుని మళ్లీ కొట్టడం అలవాటైతే మాత్రం ఏడాదైనా పాట రాదు. పిక్, అంటే తీగలు మీటే చిన్న ముక్క, సన్నది, 0.6 లేదా 0.7 మిల్లీమీటర్లది తీసుకోండి, మోచెయ్యి కాకుండా మణికట్టు ఆడాలి.

తర్వాత ఎక్కడ చూసినా నేర్పేది డౌన్ డౌన్ అప్ అప్ డౌన్ అప్ (డౌన్ అంటే పైనుంచి కిందకి, అప్ అంటే కింద నుంచి పైకి), నేర్చుకోండి, కానీ మన సినిమా పాటల్లో చాలావాటికి అది కుదరదు, ఎందుకంటే వాటి నడక ఆరు లెక్క. ఏదైనా పాత మెలోడీకి తొడ మీద తట్టి చూడండి, ఒకటి రెండు మూడు, నాలుగు ఐదు ఆరు అని వస్తుంటే దానికి ఒకటి దగ్గరా నాలుగు దగ్గరా గట్టిగా, మిగతావి మెల్లగా, ఆరూ డౌన్‌లే కొట్టండి. ఎంత ప్రాక్టీస్ చేసినా పాట మీద కూర్చోవట్లేదు అనుకునేవాళ్లు ముందు ఈ లెక్క సరిచూసుకోవాలి.

పాట ఎంచుకోవడం, కేపో

కంఠతా వచ్చిన పాటే తీసుకోండి, నోటికి వచ్చిన పాటైతే ఎక్కడ మారాలో చెవే చెప్తుంది. నెట్‌లో దొరికే కార్డ్స్‌లో ఎఫ్ వస్తే భయపడొద్దు, ఉంగరంవేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్, మధ్యవేలు మూడో తీగ రెండో ఫ్రెట్, చూపుడువేలు రెండో తీగ మొదటి ఫ్రెట్, ఒకటో తీగ ఖాళీ, ఎఫ్ మేజర్ సెవెన్ అంటారు, చాలా పాటల్లో ఎఫ్ బదులు సరిపోతుంది. చూపుడువేలు అడ్డంగా పరిచే బార్ కార్డ్స్ మూడో నెల నుంచి చూసుకోవచ్చు.

గొంతుకి శృతి అందకపోతే కేపో, అంటే నెక్ మీద తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, కొనండి. సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లకి ఇది తేలిక, సి అంటే ఒకటో శృతి, డి అంటే రెండు, జి అంటే ఐదు. సి శృతిలో వాయిస్తున్న పాట రెండు శృతిలో కావాలంటే కేపో రెండో ఫ్రెట్ మీద బిగించి అవే కార్డ్స్ వాయించండి, కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఒకటిన్నర కావాలంటే మొదటి ఫ్రెట్.

వాయించాక తీగలు పొడిబట్టతో తుడవండి, మన ఉక్కపోతకి చెమట తగిలి తొందరగా తుప్పుపడతాయి. గిటార్‌ని ఎండాకాలం కారులో మాత్రం వదిలెయ్యకండి, వేడికి జిగురు వదిలి బ్రిడ్జ్ లేచిపోతుంది.